మాసీ నోట్లో ఈతాకు

పిల్లలూ, నాకు బుట్టలల్లడం మా అమ్మ నేర్పిందని మీకు చెప్పాను. అది అబద్ధం. మా అమ్మకు చేట చెరగడం తప్ప ఇంకే చేతిపనీ రాదు. పోయిన వేసవిలో మీరు పూనాకి పట్టుకెళ్ళిన మూత బుట్ట ఉంది చూడండి, మీ స్నేహితులంతా మెచ్చుకున్నారని ఫోన్లో చెప్పారే, ఆ పని నాకు నేర్పినావిడ వేరే. ఆవిడ ఈ మధ్యనే పోయింది.

మలంచా రోడ్డు మీద ఆకుకూరలమ్మే మనిషి చెప్పింది. ఆవిడలాగే ఆమె ఇల్లు కూడా రైలు లైను అవతలే. తోటకూర కట్ట నా సంచిలో వేస్తూ, మాసీ పోయింది, వానలు మొదలవక ముందే పోయింది అంది. ఏ మాసీ అని అడిగాను. ఎవరో తెలిసే అడిగాను. బుట్టల మాసీ అంది. అయ్యో అన్నాను. తోటకూరలో పుచ్చు ఆకులున్నాయని ఇంకో కట్ట మార్పించుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి కూర తరుగుతుంటే గుర్తొచ్చింది. బతికుండగా మా వీధిలో ఎవరం ఆమెను 'ఆవిడ' అనలేదు. 'అది' అనేవాళ్ళం. అది వొచ్చింది, అది ఎల్లింది. పేరు ఎవరం అడగలేదు. బెంగాలీలో మాసీ అంటే పిన్ని. అంట్లు తోమేవాళ్ళకూ, కూరలమ్మేవాళ్ళకూ ఈ బెంగాల్ రైల్వే ఊళ్ళో అదే పిలుపు కాబట్టి ఆమెకూ అదే అయింది.

ప్రతి మంగళవారం తాల్‌బగీచాలో మనింటి గేటు గొళ్ళెం ఒక్కసారి చప్పుడయ్యేది. రెండోసారి కొట్టేది కాదు. వెళ్ళి చూస్తే నెత్తి మీద గడ్డి మోపు, చంకలో ఈతాకు కట్ట, వీపున గుడ్డలో కట్టిన నాలుగు బుట్టలతో నిలబడి ఉండేది. గోడ నీడన తన గోనెసంచి మడిచి వేసుకుని దాని మీదే కూర్చునేది. మెట్టు మీద కూర్చోమని మేమూ అనలేదు. ఆమె జాతి పేరు వింటే ఇక్కడి పాతవాళ్ళు ముందు గుమ్మంలో ఉన్న చెప్పులు లోపల పెట్టుకుంటారు. దొంగలని ఎప్పుడో తెల్లదొరలు రాసిపెట్టారట, మనవాళ్ళు అది మర్చిపోలేదు. ఆమెకు టీ ఇవ్వడానికి మీటరు పెట్టె మీద నేనొక స్టీలు గ్లాసు విడిగా ఉంచాను. తాగి, తానే కడిగి, తానే బోర్లించి వెళ్ళేది.

నా కంటికి ఆపరేషను అయినప్పుడు నెల రోజులు పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నారు. నల్లద్దాలు పెట్టుకుని వరండాలో ఊరికే కూర్చునేదాన్ని. ఆమె ఆకు చీల్చే చప్పుడు వినిపిస్తుండేది, సన్నగా, ఆగకుండా. వినీ వినీ చెయ్యి ఊరుకోలేదు. నాకూ నేర్పు మాసీ అన్నాను. ఆమె తలెత్తి నా చేతులు చూసింది, మొహం చూడలేదు.

"ఈ సేతులు పప్పు రుబ్బడానికి పుట్టినాయి బౌమా. బుట్టకి పుట్టనేదు" అంది.

బౌమా అంటే కోడలు పిల్ల. నాకప్పటికే అరవై దాటాయి. ఆమె తెలుగు మా రైల్వే వీధుల్లోనే నేర్చింది, అందుకే మన శ్రీకాకుళం యాస అచ్చుగుద్దినట్టు ఉండేది. తిట్లు మాత్రం తన సొంతం.

ఆ పని చెప్పడానికి తేలిక. బాబుయి గడ్డి అని ఝార్‌గ్రామ్ వైపు సంతల్లో దొరుకుతుంది, సన్నగా, పొడుగ్గా. దాన్ని వేలు లావున కట్టగా పట్టుకుని, పాము చుట్టుకున్నట్టు చుట్టుకుంటూ పోవాలి. ఒక్కొక్క చుట్టునీ కింది చుట్టుకి ఈతాకు చీలికతో కుట్టాలి. దబ్బనంతో పొడవాలి, చీలిక దూర్చాలి, లాగాలి. అంతే. కాని ఎండిన ఆకు లాగితే తెగుతుంది. నీళ్ళలో నానబెడితే ఉబ్బుతుంది, ఎండాక సన్నబడి కుట్టు వదులవుతుంది. కుట్ల మధ్య సందు కనిపిస్తే మాసీ దాన్ని బుట్ట నవ్వడం అనేది. బుట్ట నవ్వకూడదు. అందుకని చీలికను పెదాల మధ్య పెట్టుకుని, నాలుకతో ఒక్కసారి తడిపి, ఆ తడి ఆరేలోగా కుట్టేసేది. గూడు కట్టే కాకిలాగా ఎప్పుడూ ఆమె నోట్లోంచి నాలుగు చీలికలు వేలాడుతుండేవి. నన్ను తిట్టాలన్నా పళ్ళ మధ్య నుంచే తిట్టేది.

నేను మొదలుపెట్టిన బుట్ట అడుగులన్నీ కొడవలితో కోసి గోడ అవతల మేకకు వేసేది. మేక ఒకసారి మూతి పెట్టి చూసి వెళ్ళిపోయింది.

"సూసినావా? మేక కూడా తిన్లేదు" అంది.

కుట్టు తప్పితే దబ్బనం మొద్దు వైపుతో నా వేలి కణుపు మీద కొట్టేది. గట్టిగానే కొట్టేది. మీ తాతయ్య నా మీద చెయ్యెత్తలేదు, మా అత్తగారు కూడా ఎత్తలేదు. లైను అవతలి నుంచి వచ్చిన మనిషి నా ఇంటి గోడ కింద కూర్చుని నన్ను కొడుతుంటే నేను చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని కాదు. ఎందుకంటే ఆ దెబ్బ తర్వాత కుట్టు సరిగ్గా పడేది. కంట్లో నీళ్ళొస్తే మాత్రం, కల్లకి ఆపరేసనైంది, ఏడవకు, మల్లీ కోస్తారు అనేది.

నన్నొక్కదాన్నే అలా చూసేదనుకోకండి. తన పనిని కూడా అంతే. ఒకసారి నాలుగు రోజులు కూర్చుని కుట్టిన పెద్ద బుట్ట పూర్తయ్యాక ఎండకెత్తి చూసింది. ఎక్కడో ఒక్క చోట సూది మొనంత వెలుతురు కనిపించింది. నాకైతే కనపడలేదు. కొడవలి తీసి అడ్డంగా కోసేసింది. దాన్ని కొనడానికి పక్కింటావిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. ఫరవాలేదు మాసీ, ఇచ్చెయ్యి అంది కూడా. మాసీ వినలేదు. ఆ రోజు ఒట్టి చేతులతో లైను దాటి వెళ్ళిపోయింది. వాళ్ళింట్లో ఆ రాత్రి ఏం వండుకున్నారో నేను అడగలేదు.

ఆమెకున్నవి రెండే ఆధారాలు. ఒకటి మా వీధి. రెండోది దసరాకి మన తెలుగువాళ్ళ అమ్మవారి గుడికి ఇచ్చే తొమ్మిది బుట్టలు. రోజుకో బుట్ట, పువ్వులకూ ప్రసాదానికీ. నేను ఈ ఇంటికి రాక ముందు నుంచీ అవి ఆమే ఇచ్చేది. చలికాలం తిండి అంతా ఆ తొమ్మిది బుట్టల మీదే. ఏడాదంతా గోడ బయట కూర్చునే మనిషి ఆ ఒక్కరోజు తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, గుడి ప్రహరీ లోపలికి వచ్చి బుట్టలు దింపేది. దింపి, అవి ఎవరు ఎలా పట్టుకుంటున్నారో చూస్తూ కాసేపు నిలబడేది. అదే ఆమెకు పండగ.

నాలుగు నెలలకు నాకొక బుట్ట పూర్తయింది. వంకర లేకుండా వచ్చిందనే నేననుకున్నాను. దాన్ని మాసీకి చూపించలేదు. దసరా ముందు గుడి ఆడవాళ్ళ కమిటీ బుట్టలు చూడటానికి మనింటికి వస్తుందని తెలిసి, మాసీ తెచ్చిన మూడు బుట్టల పక్కన దాన్ని కూడా పెట్టాను. కమిటీకి పెద్ద, బజారులో బట్టల కొట్టువాళ్ళావిడ. మేమంతా పెద్దొదిన అంటాం. ఆవిడ బాగుందంటే వీధంతా బాగుందంటుంది.

పెద్దొదిన తిన్నగా నా బుట్టే తీసింది. ఇది బాగున్నాది, ఇలాటివే తొమ్మిదీ సెయ్యమను అంది. నాకు చెవులు వేడెక్కాయి. నాదని చెప్పడానికి ఇంకో నిమిషం ఆగుదామనుకున్నాను, ఇంకో ఇద్దరు మెచ్చుకుంటే చెబుదామని.

మాసీ గోనెసంచి మీంచి లేచి వచ్చింది. పెద్దొదిన చేతిలోంచి బుట్ట లాక్కుని ఎండకెత్తింది. తర్వాత కుట్ల సందున బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు అవతలికి వచ్చింది. అక్కడి నుంచి చీల్చింది, పాత గుడ్డ చింపినట్టు. చుట్లన్నీ ఊడి పెద్దొదిన కాళ్ళ మీద పడ్డాయి.

"ఇది నాది కాదు. ఈ బౌమా సేసినాది. దీంట్లో పువ్వులు పోస్తే అమ్మోరి దగ్గరికి ఎల్లవు, దారంతా పడతాయి" అంది. మళ్ళీ నోట్లో ఆకు పెట్టుకుంటూ, "పప్పు రుబ్బుకోమన్నాను" అంది.

అందరూ నవ్వారు. పెద్దొదిన అందరికంటే ఎక్కువ నవ్వింది. ఏటే, నువ్వెప్పుడు మేదరదానివైనావు అని నా భుజం తట్టింది.

నన్ను ఎరిగినవాళ్ళెవరైనా చెబుతారు, నేను గొంతు పెంచే మనిషిని కాదు. మీ అమ్మ మీద కూడా ఒక్కనాడూ అరిచి ఎరగను. ఆ రోజూ గొంతు పెంచలేదు. కింద పడిన గడ్డి ఏరుతూ, వంగిన దాన్ని వంగినట్టే ఉండి, నెమ్మదిగా అన్నాను.

"వొదినా, నా బుట్ట మాటకేటి గాని, మాసీ ప్రతి ఆకూ నోట్లో పెట్టి తడిపే కుడతాది. అమ్మోరికి ఎంగిలి బుట్ట పెట్టొచ్చో లేదో మీరే సెప్పాల."

ఇరవై ఏళ్ళుగా ఆ ఆడవాళ్ళంతా మాసీ నోట్లో ఆకు చూస్తూనే ఉన్నారు. చూశారు కాని ఎంగిలి అనుకోలేదు. ఆ మాట నేను అన్నాకే వాళ్ళకు కనిపించింది. అందరూ ఆమె నోటి వంక చూశారు. అప్పుడు కూడా మూడు చీలికలు వేలాడుతున్నాయి. మాసీకి తెలుగు వచ్చు, ఎంగిలి అంటే మనవాళ్ళకు ఏమిటో కూడా తెలుసు. మీటరు పెట్టె మీద విడిగా ఉన్న ఆ గ్లాసు ఆమెదే కదా. మెల్లగా చెయ్యెత్తి ఒక్కొక్క చీలికా నోట్లోంచి తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక గుప్పిట్లో పట్టుకుని నిలబడింది.

ఒక సంగతి మీకు తెలియాలి. ఆ నాలుగు నెలలూ నేను కూడా ఆకు నోటితోనే తడిపాను. నేను చీల్చి ఇచ్చిన చీలిక ఆమె, ఆమె తడిపిన చీలిక నేను, ఎన్నిసార్లు మార్చుకున్నామో లెక్కలేదు. మాసీ ఆ మాట అక్కడ అనొచ్చు. అనలేదు. నా వంక చూసింది. నేను గడ్డి ఏరుకున్నాను.

ఆ సాయంత్రానికే మాట వీధి చివరిదాకా వెళ్ళింది. దేవుడి గదుల్లోంచి బుట్టలు బయటికొచ్చాయి. పక్కింటావిడ తన పూల బుట్టను పసుపు నీళ్ళలో ముంచి ఎండబెట్టింది, అది అన్ని వైపులా నవ్వింది. దాన్ని చెత్తకుండీలో వేసింది. దేవుడి బుట్టలతో ఆగుతుందనుకున్నాను. ఉల్లిపాయల బుట్టలూ, పిల్లల బొమ్మల బుట్టలూ కూడా పోయాయి. తర్వాతి మంగళవారం మాసీ ప్రతి గేటు గొళ్ళెమూ ఒక్కొక్కసారి కదిపింది. వొద్దు మాసీ అని లోపలి నుంచే అన్నారు. మనింటి గొళ్ళెం కూడా చప్పుడైంది. నేను పొయ్యి మీద పాలున్నాయనుకుని వెళ్ళలేదు.

ఆ పై వారం ఆమె పాత రంగు డబ్బా ఒకటి తెచ్చుకుంది. వీధి కుళాయి కింద నీళ్ళు పట్టుకుని, నీడ వదిలేసి, నడి వీధిలో ఎండలో కూర్చుంది, అందరికీ కనపడాలని. ఆకు డబ్బాలో ముంచి తీసి కుట్టింది. నోరు కనపడకుండా చీర కొంగు ముక్కు మీదుగా కట్టుకుంది. అటు వెళ్ళే టోటోలవాళ్ళు, అదే బ్యాటరీ రిక్షాలవాళ్ళు, ముసలిదానికి జబ్బేమో అనుకుని పక్కకు తప్పుకునేవాళ్ళు. మూడు వారాలు అలా కూర్చుంది. ఇద్దరు ముగ్గురు జాలిపడి తీసుకున్నారు. బుట్టలు ఎండాయి, వదులయ్యాయి. పెద్దొదిన ఒక దాన్లో వేలు దూర్చి అందరికీ చూపించి, "పాపం, దాని సేతులు పోనాయి" అంది.

ఆ మాట మాసీ విన్నది. ఎంగిలి అన్నప్పుడు రాని మార్పు ఆ మాటకు వచ్చింది ఆమె మొహంలో. కోసెయ్యడానికి కొడవలి తీసింది. కాని ఆ బుట్ట అప్పటికే వాళ్ళది. మళ్ళీ లోపల పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే మంగళవారం కాకపోయినా మనింటికి వచ్చింది. గోనెసంచి లేదు, గడ్డి లేదు. గేటు కమ్మీ పట్టుకుని నిలబడింది. వేళ్ళ చివర్లు నీళ్ళకు నాని తెల్లబడి ఉన్నాయి.

"బౌమా, గుడి బుట్టలు నాకే ఇమ్మని ఒక్క మాట సెప్పు. నీ మాటే ఇంటారు. నోటితో సెయ్యనని అమ్మోరి మీద ఒట్టేస్తాను. నీ బుట్ట సింపినాను, నిజమే. అది నవ్వింది కాబట్టి సింపినాను."

ఆ ఆఖరి ముక్క అనకుండా ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. ఒప్పుకోవడానికి వచ్చి కూడా నా బుట్ట నవ్విందనే అంది. ఆమెకు అబద్ధం చెప్పడం రాలేదు.

"సెప్తాను మాసీ, నువ్వెల్లు" అన్నాను. మెత్తగానే అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకోబోయి, గుర్తొచ్చి, కమ్మీనే పట్టుకుంది.

కమిటీ కూర్చున్న రోజు నేను వెళ్ళాను. బుట్టలకు ఎవరిని చూద్దాం అని పెద్దొదిన అడిగింది. ఈసారి కొత్త పందిరి వేస్తున్నారు, ఇంకో రెండు కావాలి, మొత్తం పదకొండు అంది. మాసీ పేరెత్తడానికి నాకు చాలా సమయం ఉంది. గోడ గడియారం చప్పుడు వినిపించేటంత సమయం ఉంది.

"నేను కుడతాను వొదినా. తలస్నానం సేసి, మడితో కూర్చుని, పసుపు నీల్లల్లో ఆకు నానిస్తాను" అన్నాను.

నువ్వా అని నవ్వబోయి ఆగింది పెద్దొదిన. మడి అన్న మాట ఆవిడకు నచ్చింది. సరేనంది.

మాసీ మళ్ళీ వచ్చి అడిగింది, చెప్పినావా అని. చెప్పాను, వాళ్ళు ఒప్పుకోలేదు అన్నాను. మరెవరు చేస్తారు అంది. నాకు తెలియదన్నాను. వెళ్ళిపోయింది.

వారం పోయాక మధ్యాహ్నం ఎండలో గొళ్ళెం చప్పుడైంది. ఈసారి వెళ్ళాను. మాసీ నెత్తి మీద ఈతాకు మోపు ఉంది, ఏడాదికి సరిపోయేంత. లేత మొవ్వు ఆకు, ముల్లు తీసి, ఎండబెట్టి, సమానంగా కోసి కట్టలు కట్టినది. అంత మంచి ఆకు బజారులో దొరకదు. ఒక్కొక్క ఈత చెట్టూ ఎక్కి తెచ్చుకోవాలి. లైను అవతల నుంచి అదంతా మోసుకుని వచ్చింది. ఇంత దూరం ఎందుకు తెచ్చావన్నాను.

"నాకింకెందుకు బౌమా. ఇంట్లో ఉంటే సెదలు పడతాది" అంది. గేటు లోపలికి రాకుండా మోపు మా వైపు గోడ మీదికి జరిపింది. చేతులు దులుపుకుంది. నా మొహం చూడలేదు, చేతులే చూసింది.

"పదకొండు బుట్టలంట కదా. ఇది సరిపోతాది. నీల్లు పెట్టకు, వొదులైపోతాది."

పదకొండని నేను ఆమెకు చెప్పలేదు.

టీ పెడతానన్నాను. వద్దని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా వీధికి రాలేదు. ఏ వీధికి వెళ్ళిందో, వెళ్ళలేదో నేను కనుక్కోలేదు.

తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, వెనక గది తలుపు గొళ్ళెం పెట్టుకుని ఇరవై రోజులు కూర్చున్నాను. పసుపు నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకున్నాను, ఎవరైనా తలుపు కొడితే కనపడటానికి. ఒక్క ఆకు కూడా దాన్లో ముంచలేదు. బుట్టలు ఒక్కటీ నవ్వలేదు. దసరా తొమ్మిది రోజులూ ఆ బుట్టల్లో ప్రసాదం పంచాను. అందరూ రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకున్నారు. మడి బుట్టలంటే ఇలగుండాల అని పెద్దొదిన పక్కవీధి వాళ్ళకు కూడా చెప్పింది.

ఆకు సరిపోయింది. కొంచెం మిగిలింది కూడా.